సూర్యుడితో సమంగా నడిచిన బండి

రాజఛత్రం ముడిచేశారు. ఏడాది పొడుగునా మహారాజు తలమీద విప్పి ఉండే ముత్యాల గొడుగు అది. అది ముడుచుకుందంటే నాభీనగరంలో ఇంకెవరి గొడుగూ విప్పి ఉండకూడదు. అంటే ఆ గడియ వచ్చేసిందన్నమాటే. మైలమ్మ తల ఎత్తి చూసింది.

ఎదురుగా నాభిస్తంభం. పాలరాతి పీఠం మీద, పగడపు తీగలు చుట్టిన నడుముతో, నెమలి మెడ రంగు మణులు పొదిగిన శిఖరంతో, ఆకాశం కింద పడకుండా నిలబెట్టిన రాటలా ధగధగలాడుతోంది. భూమండలానికంతా బొడ్డు అదేననీ, గ్రహాలూ నక్షత్రాలూ దాని చుట్టూ గానుగెద్దుల్లా తిరుగుతాయనీ మధ్యమేరు రాజ్యంలో ఉగ్గుపాలతోనే నేర్పుతారు. రుజువేమిటంటే, వేసవిలో ఒకనాడూ, నాలుగు నెలలకు మళ్ళీ ఒకనాడూ, మిట్టమధ్యాహ్నం ఆ స్తంభం నీడ మాయమైపోతుంది. సూర్యుడు స్వయంగా వచ్చి నాభికి మొక్కుతున్నాడని జనం సాగిలపడతారు. చుట్టుపక్కల రాజులందరూ నాభిరాజుకు తల వంచేది ఆ ఒక్క మొక్కు చూసే.

ఆ రాజ్యంలో మనిషి మాటకు విలువ నీడతోనే. ప్రమాణం చేసేవాడు తన నీడ మీద నిలబడి చేయాలి. నీడ లేనివాడు లోకంలో లేనట్టే. లేనివాణ్ణి నరికితే అది హత్య కాదు. రక్తం చిందించనని పట్టాభిషేకంనాడు ఒట్టు పెట్టుకున్న నాభిరాజు, చంపదలచుకున్నవాళ్ళందరినీ ఆ గడియ కోసమే దాచి ఉంచుతాడు.

ఈసారి దాచి ఉంచింది మైలమ్మ కొడుకును.

మాచన ఓడల వెంట దక్షిణ సముద్రాలు తిరిగివచ్చినవాడు. దిగిన ప్రతి రేవులోనూ ఇసుకలో కర్ర పాతి నీడ చూశాడట. ప్రతి రేవులోనూ ఏదో ఒకరోజు నీడ మాయమైందట. "మన స్తంభానిదేం గొప్ప కాదు. భూమి బంతి. బంతి పైన ఎక్కడ వేలు పెట్టినా అదే నడుమ" అని సంతలో నిలబడి చెప్పాడు. చెప్పినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. అట్నుంచి అటే చెరసాలకు పోయాడు.

ఇప్పుడు స్తంభం పీఠానికి కట్టేసి ఉన్నాడు. గొడుగులు అల్లుకుని బతికే మైలమ్మ, మాంత్రికుడు ధూమకేశికి గొడుగు పట్టే దాసి చీర కట్టుకుని, ముక్కుదాకా ముసుగు లాక్కుని, ఆ మాంత్రికుడి వెనకే నిలబడి ఉంది. ముడిచిన గొడుగు చేతిలో చెమటకు జారిపోతోంది. ఊచ ఇరుక్కుంటే? గుడ్డ చిరిగితే? కాలు మడతపడి తానే బోర్లా పడితే? తన చేతుల్తో అల్లిన గొడుగే అయినా, ఆ క్షణాన దాన్ని నమ్మడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

స్తంభం నీడ వేలెడయింది. గోరంతయింది. పోయింది.

తలారి కత్తి ఎత్తాడు.

మైలమ్మ ఎలా దూకిందో ఆమెకే తెలియదు. ఠప్పుమని గొడుగు విచ్చుకుంది. మాచన చుట్టూ గుండ్రంగా, నల్లగా నీడ పరుచుకుంది.

తలారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ప్రభూ! వీడికి నీడుందండి!"

"లాగెయ్యరా దాన్ని!" అని ధూమకేశి అరిచేసరికి స్తంభం మొదట్లో సన్నటి నల్లగీత తూర్పు వైపు తొంగి చూసింది. గడియ దాటిపోయింది.

భటులు మైలమ్మ రెక్కలు విరిచి పట్టుకున్నారు. కానీ ముసలి ధర్మాధికారి తల అడ్డంగా ఊపాడు. "నీడలేని గడియలో జరిగిన పనికి చేసినవాళ్ళుండరు. ఈమె మీద నేరం మోపడానికి శాస్త్రం లేదు. వదిలెయ్యండి."

ధూమకేశి పళ్ళు కొరికి, గొడుగును మోకాలికేసి విరిచి ఆమె మొహాన కొట్టాడు.

"అయితే సూర్యుడు వెనక్కి మళ్ళి మళ్ళీ మన నెత్తిమీదికి వచ్చేదాకా వీణ్ణి మేపాల్సిందేనా?" అన్నాడు నాభిరాజు విసుగ్గా.

మేపండి ప్రభూ, గంజి పోసి మేపండి, చాలు, అనుకుంది మైలమ్మ. ఆమె కోరింది ఆ నాలుగు నెలల ఊపిరే. అంతకు మించి ఆశపడే అలవాటు ఆమెకు లేదు.

కానీ ధూమకేశి మాచన దగ్గరికి వెళ్ళి, గొంతులో తేనె పూసుకుని, "ఏమోయ్ నావికా! నీడలేని గడియ మా ఒక్కరి సొత్తు కాదన్నావు కదా. ఇవాళ ఇక్కడ అయిపోయింది. మరి ఇక ముందు ఎక్కడొస్తుంది? తెలిస్తే చెప్పు. తెలియకపోతే నీ చదువంతా ఉప్పునీళ్ళ పాలే" అన్నాడు.

నోరు మూసుకోరా నాయనా, మూసుకో, అని మైలమ్మ లోపల్లోపలే మొత్తుకుంది. ఎవరూ ఇన్నాళ్ళూ తనను ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదేమో, మాచన మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

"ఉత్తరానికి జరుగుతుంది స్వామీ! రోజుకు ఎద్దుబండి నడిచేటంత దూరం. ఇవాళ ఇక్కడ బండి కట్టుకుని బయల్దేరండి, ఉత్తరాన ఉన్న గవ్వలకోటకు నాలుగో రోజున బండీ సూర్యుడూ ఒకేసారి చేరతారు. మీ కళ్ళతో మీరే చూడొచ్చు!"

మైలమ్మ నెత్తి బాదుకుంది. కన్నకొడుకే తన చావు ఎక్కడుందో దారి చూపించాడు.

రాజు మాత్రం కంగారుపడ్డాడు. "అక్కడ నీడ పోతే వీడు చెప్పింది నిజమైపోదూ?"

"నిజమైతే నీడ లేకుండా దొరుకుతాడు. అప్పుడు చంపేస్తాం. చచ్చినవాడు సంతలో నిలబడి మాట్లాడలేడు ప్రభూ. అబద్ధమైతే పిచ్చివాడని దేశం దాటిస్తాం. ఎటు పడ్డా పాచిక మనదే" అన్నాడు ధూమకేశి.

ఆ పూటే బండి కట్టారు.

*

వెదురు బోనులో మాచన. ముందు రాజు పల్లకీ, వెనక తెరలు దించుకున్న మాంత్రికుడి మేనా, మధ్యలో బండి. ఆ బండి ఎద్దులకు మేత వేయడానికి ఎక్కణ్ణుంచో ఒక ముసలాడు వచ్చి చేరాడు. తలపాగా, మొహాన మసి, వంగిన నడుము. మైలమ్మే.

బండి తోలే పెద్దిగాడు ఒకసారి కళ్ళు చికిలించి చూశాడు. "ఏం తాతా, నీ గొంతు పెళ్ళిపాటలు పాడే గొంతులా ఉందే?"

"జలుబు చేసింది."

"జలుబు చేస్తే ఆడగొంతు మగగొంతవుద్దిగానీ, ఇదేం జలుబో! సర్లే, గడ్డి తడిపెయ్యి. సూరీడు బొడ్డుకు మొక్కితే నాకేం, మోకాలికి మొక్కితే నాకేం. నా ఎద్దుల కడుపు నిండితే చాలు."

దారి పొడుగునా మోదుగు అడవులు. పూలు రాలిపోయి ఎండుటాకులు గలగలలాడుతున్నాయి. రాళ్ళు పెనాల్లా కాలుతున్నాయి. మొదటి మజిలీలో మధ్యాహ్నం అందరూ చెట్ల కింద కునుకు తీస్తుంటే మైలమ్మ ఎండలోకి వచ్చి తన కాళ్ళకేసి చూసుకుంది. నీడ లేదు. మరునాడు ఇంకో మజిలీలో చూసుకుంది. లేదు. సూర్యుడు దొంగ వెంట తలారిలా బండితో సమంగా నడుస్తున్నాడు. తన కొడుకు చెప్పింది అక్షరాలా నిజం. ఇంతకంటే పెద్ద ఆపద ఏ తల్లికీ రాకూడదనుకుంది. రాజు గొడుగు కింద ఉన్నాడు, మాంత్రికుడు తెరల వెనక ఉన్నాడు. వాళ్ళెవరూ కాళ్ళకేసి చూసుకోలేదు.

నడిదారిలో చంపితే దొంగల పని అవుతుందట. కోటద్వారం ముందు, రాజపీఠం వేసి, జనం చూస్తుండగా చెయ్యాలట. అందుకే మాచన ఇంకా ఊపిరి తీస్తున్నాడు.

సాయంత్రం మేత వేసే వంకన ఆమె బోను దగ్గర చేరింది.

"ఒరేయ్ మాచా, నేన్రా."

"తెలుసమ్మా. ఎద్దులతో 'తినరా నా తండ్రీ' అని మాట్లాడే ముసలాడు ఇంకెవడుంటాడు?"

"నవ్వకు! నువ్వు అబద్ధమాడానని చెప్పెయ్. భూమి తిరిగితే తిరగనీ, ఆగితే ఆగనీ. మన గుమ్మం దాన్ని పట్టుకు వేలాడుతోందా? నడిమధ్యన లేకపోతే మాత్రం మనకు అన్నం ఉడకదా?"

"ఉడుకుతుందమ్మా. అదే నేనూ అంటున్నది. నడిమధ్యన లేకపోయినా ఉడుకుతుంది."

"ఈ పిచ్చి నీకెవరు అంటించార్రా?"

మాచన వెదురు ఊచలకు నుదురు ఆనించాడు. "ఒక్కరు కాదు. మొదట్లో అందరూ భూమి పరిచిన చాప అనుకున్నారు. వలలు బాగుచేసుకునే ఒక ముసలాయన, దూరం పోయే ఓడకు ముందు పొట్ట, ఆ తరవాత తెరచాప మునగడం చూశాడు. చాపైతే అలా మునగదన్నాడు. తరవాత ఒకావిడ గ్రహణంలో చంద్రుడి మీద పడ్డ నీడ అంచు గుండ్రంగా ఉందని పట్టుకుంది. సరే బంతేనని ఒప్పుకున్నారు. కానీ ఆ బంతి కదలకుండా నడుమ కూర్చుంటుందనీ, మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతాయనీ పట్టుబట్టారు. నాకు నేర్పిన నావికుడు అదీ కాదన్నాడు. పడవలో కూర్చున్నవాడికి ఒడ్డు పరిగెత్తినట్టుంటుంది చూడు, అలాగన్నమాట. తిరిగేది మనమేనట. కాస్త ఒరిగి, బొంగరంలా, సూర్యుడి చుట్టూ. ఆ ఒరగడం వల్లే ఈ నీడలేని చోటు ఉత్తరానికీ దక్షిణానికీ నడుస్తుంది. ఆ సూర్యుడైనా నడుమ ఉన్నాడో లేదో తనకు తెలియదన్నాడు."

"ఆ ముసలాయన ఏమయ్యాడు?"

"ఊరివాళ్ళు రాళ్ళేసి కొట్టారు."

"ఆవిడ?"

"వెళ్ళగొట్టారు."

"నీ నావికుడు?"

"ఓడమీంచి తోసేశారు" అన్నాడు మాచన.

"చూశావా!" అంది మైలమ్మ. "ఒక్కరంటే ఒక్కరైనా ఇంట్లో చాపమీద పడుకుని పోయారా? అంతమందిని మింగిన మాట నీకెందుకురా? నాకు మాటివ్వు. గవ్వలకోటలో ఎవరేమడిగినా నోరు విప్పనని మాటివ్వు."

మాచన తల్లి మసిమొహం చూశాడు. "సరేనమ్మా, విప్పను. కానీ నా నోరు మూసుకున్నంత మాత్రాన సూర్యుడు ఆగడు. బండి వెనకబడితేనే నేను బతుకుతాను. అప్పుడు సూర్యుడు దాటి వెళ్ళిపోతాడు. ముందుగా పోతే లాభం లేదు, ఆయనే వచ్చి కలుసుకుంటాడు."

వెనకబడాలి. అంతే కదా! మైలమ్మ తెల్లవారేసరికి ఇరుసు చీల పీకి తుప్పల్లోకి విసిరేసింది. బండి కొండదారి మలుపు తిరిగిందో లేదో, చక్రం ఊడి ఎగిరెగిరి పడుతూ లోయలోకి దొర్లింది. రాళ్ళకు కొట్టుకుని ముక్కలు చెక్కలైంది. పెద్దిగాడు లబలబలాడాడు. కొత్త చక్రం చెక్కాలంటే రెండు రోజులైనా పడుతుందన్నాడు. ఆ మాట వినగానే మైలమ్మకు కన్నీళ్ళు ఆగలేదు, మసి చెంపలమీద చారలు కట్టింది.

ధూమకేశి మేనా తెర తీశాడు. "చక్రమెందుకురా మనకు?"

రాగికుండ మూత విప్పాడు. బుసకొడుతూ బయటికొచ్చిన సుడిగాలి మెడకు నల్లటి పగ్గం వేసి బండి నొగకు బిగించాడు. అంతే! బండి, ఎద్దులు, పల్లకీ, మేనా, భటులు, అందరూ ఒక్క ఊపున గాల్లోకి లేచారు. కింద అడవి గడ్డిపరకల్లా ఊగింది. నల్లేరు నది పాము కుబుసంలా మెరిసి వెనక్కి జారిపోయింది. ఎద్దులు ఆకాశంలో కాళ్ళు కొట్టుకుంటూ అంబా అన్నాయి. బండి వెనక చెక్క పట్టుకుని వేలాడుతున్న మైలమ్మ తలపాగా ఊడి మేఘాల్లో కలిసిపోయింది. పడితే కొడుక్కి దిక్కెవరు అన్న ఒక్క భయమే ఆమె వేళ్ళు విడిపోకుండా పట్టి ఉంచింది.

సూర్యుణ్ణి కూడా దాటుకుని, వాళ్ళు గవ్వలకోట ముందు దబ్బున దిగారు.

*

గవ్వలకోట గోడలన్నీ గవ్వలే. తెల్లవి, గోధుమరంగువి, పులిచారలవి లక్షలాది గవ్వలు ఎండకు తళుక్కుమంటుంటే చేపపొలుసుల చీర కట్టుకున్న రాక్షసిలా ఉందా కోట. మధ్యాహ్నమైంది. ద్వారం ముందు మాచనను నిలబెట్టారు. ఊరంతా వచ్చింది.

సూర్యుడు నెత్తికెక్కాడు. అందరి చూపులూ మాచన కాళ్ళమీదే. నీడ తగ్గింది, తగ్గింది, వేలి వెడల్పుకొచ్చి ఉత్తరం వైపు ఆగిపోయింది. మళ్ళీ పెరగసాగింది.

"ఉంది!" నాభిరాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "నీడ ఉంది! అబద్ధం! నాభి నాదే!"

మైలమ్మ జుట్టు విరబోసుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చి రాజు కాళ్ళమీద పడింది. "అబద్ధమే ప్రభూ! పచ్చి అబద్ధం! వాడు చిన్నప్పుడు అటకమీంచి పడ్డాడు. అప్పట్నుంచీ ఇంతే. పిచ్చోడు. దేశం దాటించండి, నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోతాను."

జనం నవ్వారు. మాచన తల వంచుకుని మాట నిలబెట్టుకున్నాడు. ధూమకేశి మొహం మాడిపోయినా, రాజు అదేం పట్టించుకోలేదు. దేశం దాటించమన్నాడు.

ధర్మాధికారి గొంతు సవరించుకున్నాడు. "శాస్త్రప్రకారం నిందితుడు రేపటిదాకా ఉపవాసముండాలి. మధ్యాహ్నం సూర్యుణ్ణి సాక్షిగా పెట్టుకుని, తన నీడ మీద నిలబడి, చెప్పింది అబద్ధమని ప్రమాణం చెయ్యాలి. ఆ తరవాతే విడుదల."

మైలమ్మ పరుగున వెళ్ళి కొడుకును వాటేసుకుంది. వాడి ఒళ్ళు చల్లగా తగిలింది.

"అమ్మా," అన్నాడు మాచన చెవిలో. "గాలిమీద వచ్చాం. ఒకరోజు ముందొచ్చాం."

ఆమెకు అర్థమయ్యేసరికి కాళ్ళకింద నేల జారిపోయింది. అది తిరుగుతోందో ఆగిందో ఆమెకు తెలియలేదు.

వెనక్కి తిరిగి ధర్మాధికారి దగ్గరికి వెళ్ళింది. "బాబూ, ప్రమాణం పొద్దున్నే చేయించరాదూ?"

"పొద్దుటి నీడ మనిషి కంటే పొడుగు. అది గొప్పలు చెప్పుకునేవాడి నీడ. మధ్యాహ్నపు నీడే కొలతకు నిలిచేది. అయినా పొద్దున్నే ఎందుకమ్మా?"

ఎందుకు? ఏం చెబుతుంది? రేపు మధ్యాహ్నం ఇక్కడ నీడ ఉండదని చెబితే, కొడుకు చెప్పింది నిజమని తానే సాక్ష్యం పలికినట్టు. చెప్పకపోతే వాడు నీడలేని గడియలో నిలబడతాడు. "ఆకలికి ఆగలేడు బాబూ" అంది మైలమ్మ. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు.

తూరుపు తెల్లబడుతుండగా పెద్దిగాడు, మాచనను తిరిగి పెట్టిన బోను దగ్గరికి కొడవలితో వచ్చాడు. "ముసలమ్మా, నాకు గాల్లో ఎగిరే ఉద్యోగం వద్దు. ఎద్దులు బెదిరి మేత మానేశాయి. ఈ కొడవలి నేనివ్వలేదు, నువ్వు దొంగిలించావు. సరేనా?" అని అక్కడ పడేసి తుప్పల్లోకి మాయమయ్యాడు. మైలమ్మ పరపరా వెదురు కోసింది. తల్లీకొడుకులు చెయ్యీచెయ్యీ పట్టుకుని కోట పక్కనున్న ఏటి ఒడ్డుకు పరిగెత్తారు. పడవ కట్టు విప్పారు. ఒడ్డు వదిలారు కూడా. అంతలో నీళ్ళు కుతకుతలాడాయి. ధూమకేశి విసిరిన గొలుసులు నల్లతాచులై ఈదుకుంటూ వచ్చి, ఒకటి మాచన నడుముకు, ఒకటి మైలమ్మ కాళ్ళకు చుట్టుకుని, ఇద్దరినీ బురదలోంచి ఈడ్చుకుంటూ కోటద్వారం దాకా తెచ్చి పడేశాయి.

"పారిపోవడమెందుకు? మధ్యాహ్నానికి విడుదలే కదా?" అన్నాడు ధూమకేశి. అంటూనే ఆగాడు. తల్లి మొహం చూశాడు, కొడుకు మొహం చూశాడు, ఆకాశం చూశాడు. మెల్లగా నవ్వి తలారిని పక్కకు పిలిచాడు.

మధ్యాహ్నమైంది.

మాచన నీడ మీద నిలబడ్డాడు. రాజు చెయ్యి ఎత్తాడు. పాము చుట్టిన కాళ్ళతో మైలమ్మ దుమ్ములో కూర్చుని కొడుకు పాదాలనే చూస్తోంది. త్వరగా చెప్పరా, త్వరగా, త్వరగా.

"సూర్యుడు సాక్షిగా, ధర్మం సాక్షిగా," మాచన గబగబా మొదలుపెట్టాడు, "నా నీడ మీద నిలబడి చెబుతున్నాను. నేను సంతలో చెప్పింది..."

పాదాల అంచున ఉన్న ఆ కాస్త నలుపు చీరకొంగు జారినట్టు కాళ్ళకిందికి జారిపోయింది.

ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఒకడు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. పక్కవాడు చూసుకున్నాడు. నాభిరాజు తన పసిడి పాదుకల చుట్టూ వెతుక్కున్నాడు. ఆయనకూ లేదు. ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. అప్పుడు గవ్వలకోట ముసలాడొకడు రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాడు.

"సూర్యుడు మనకు మొక్కాడ్రోయ్! నాభి మన ఊరే!"

"మన కోటే నాభి! మన కోటే నాభి!" జనం గంతులు వేశారు, నేలకు సాగిలపడ్డారు, గవ్వగోడలను ముద్దులు పెట్టుకున్నారు. ఒక్కడికీ మాచన మీద ధ్యాస లేదు.

మాచన మాత్రం అందరినీ చూశాడు. తల్లికిచ్చిన మాట గొంతులో ఎంతసేపు ఆగిందో, ఇక ఆగలేదు.

"కాదు! మీ ఊరూ కాదు! ఎవరి ఊరూ కాదు! రేపు ఇంకా ఉత్తరానికి పోయి చూడండి!"

"ఒరేయ్, ఊరుకోరా!" మైలమ్మ గుండెలు బాదుకుంది. "వాళ్ళకెందుకురా! ఊరుకోరా నా తండ్రీ!"

ఆ గోలలో ఆమె మాట ఆమెకే వినబడలేదు. కొడుకుకేసి మోచేతుల మీద పాకబోయింది. పాము ఇంకో చుట్టు బిగించింది. ధూమకేశి కనుసైగ చేశాడు. తలారి కత్తి దూసి మాచన వెనక్కి వచ్చి నిలబడ్డాడు. లోకంలో లేని మనుషులు వేలమంది చప్పట్లు కొడుతున్నారు. మైలమ్మ తల ఎత్తి సూర్యుణ్ణి చూసింది. కొంచెం జరుగు నాయనా, అంది. ఒక్క వేలెడు.